'ఫ్రీ' అంటే ఎన్ని అర్థాలప్పా? షుగర్ ఫ్రీకి, స్పూన్ ఫ్రీకి తేడా చెప్పండి

పెన్నాగట్టు (ప్రొద్దుటూరు)
అందరికీ నమస్తే. మావాడు ఏడో తరగతి చదువుతాండాడు. బిస్కెట్ ప్యాకెట్ మీద షుగర్ ఫ్రీ అని చదివి, నాయనా దీంట్లో చక్కెర ఊరికే ఇస్తాండారా అన్నాడు. కాదురా, చక్కెర లేదని అర్థం అన్నా. అయితే టీపొడి ప్యాకెట్ మీద స్పూన్ ఫ్రీ అని ఉండాది కదా, లోపల స్పూన్ లేదనా అని ఎదురు ప్రశ్న. ఏం చెప్పాల? నేను బట్టల అంగట్లో పని చేసేవాణ్ణి, మా అంగడి ముందర 'రెండు కొంటే ఒకటి ఫ్రీ' అని బోర్డు ఉంటది, నా ఇంగ్లీషు ఆడికే. ఈ మాట పొద్దున లేస్తే నోట్లో ఆడతానే ఉంటది గానీ ఎన్ని రకాలుగా వాడతారు, యాడ ఎట్ల వాడాల, తెలిసినోళ్ళు రోంత విడమర్చి చెప్పండి. డిక్షనరీ కాపీ పేస్ట్ మాత్రం వద్దు సామీ, అది నేనూ తెరిచి చూసినా, చాంతాడంత ఉండాది.

కారందోసె (అనంతపురం)
మీవోడు లాయరైతాడు, రాసిపెట్టుకో అన్నా

గుత్తికోట (గుత్తి)
ఫ్రీ అంటే ఊరికే. ఊరికే అంటే ఫ్రీ. దీనికింత చర్చ ఎందుకప్పా

ఆదోని మాస్టారు (ఆదోని)
అంత సులభంగా తేలేదైతే ఆ పిల్లోడు అడిగుండడు గుత్తికోటా. బళ్ళో ఇంగ్లీషు చెప్పేవాణ్ణి కాబట్టి నాకు తెలిసినంత చెప్తా.

ఫ్రీ అనేది ఒక పేరు వెనకాల అతుక్కోని రెండూ కలిసి ఒకే మాటగా నడిస్తే దానికి 'లేని' అని అర్థం. షుగర్ ఫ్రీ బిస్కెట్ అంటే చక్కెర లేని బిస్కెట్. ఆడ ఫ్రీ అనేది బిస్కెట్ గురించి చెప్పే మాట, చక్కెర గురించి కాదు. అదే ఫ్రీ ముందర వచ్చి ఫ్రీ స్పూన్ అంటే దుడ్లు తీసుకోకుండా ఇచ్చే స్పూన్. మరి టీపొడి ప్యాకెట్ మీద తిరగేసి స్పూన్ ఫ్రీ అని ఎందుకు రాసినారంటే, అది ఇంగ్లీషు మాటలు పెట్టి రాసిన తెలుగు వాక్యం! మనకు 'ఆయన మా మామ', 'ఈ చింతపండు పాతది' అంటే వాక్యం అయిపోతాది, మధ్యలో ఈజ్ అని ఒకటి పెట్టే పని లేదు. 'స్పూన్ ఉచితం' అనే వాక్యంలో ఉచితం పీకేసి ఆ జాగాలో ఫ్రీ కూర్చోబెట్టినారు. కాబట్టి మీవాడు తప్పు చదవలేదు, రెండు భాషల వాక్యాలను ఒకే భాష అనుకోని చదివినాడు. ఆ వయసుకు అది శానా మంచి ప్రశ్న.

టోల్ ఫ్రీ నంబరు కూడా షుగర్ ఫ్రీ లెక్కే, టోల్ అంటే రుసుము, అది లేని నంబరు. డ్యూటీ ఫ్రీ అంటే సుంకం లేకుండా అమ్మేది. మా ఊరి నుంచి గల్ఫ్ పోయొచ్చిన ఒకాయన డ్యూటీ ఫ్రీ అంగడంటే డ్యూటీలో ఉన్నోళ్ళకు ఫ్రీగా ఇచ్చే అంగడి అనుకున్నాడంట, ఆయనే చెప్పి నవ్వుకున్నాడు.

పెన్నాగట్టు (ప్రొద్దుటూరు)
మాస్టారూ దండం సార్. మావానికి ఇప్పుడే చదివి వినిపించినా. అయితే మా బోర్డు మీద ఉండేది తెలుగే అన్నమాట అంటాడు

మందులషాపు (కడప)
షుగర్ ఫ్రీ మాట వచ్చింది కాబట్టి ఒక ముక్క. చర్చకు పక్కదారే గానీ షుగరున్నోళ్ళు చదువుకోండి. మన దేశంలో ఆహార భద్రతా సంస్థ నిబంధన ప్రకారం 100 గ్రాముల్లో చక్కెరలు 0.5 గ్రాముకు మించకుంటే షుగర్ ఫ్రీ అని రాసుకోవచ్చు. అంటే ఫ్రీ అన్నా కూడా సున్నా అని కాదు, లెక్కలోకి రానంత తక్కువ అని. అసలు తిప్పలు అది కాదు, ఆ బిస్కెట్‌లో మైదా ఉంటది, గోధుమపిండి ఉంటది, అవి కడుపులోకి పోయినాక అయ్యేది గ్లూకోజే. షుగర్ ఫ్రీ అని ప్యాకెట్టుకు ప్యాకెట్టు లాగించి రిపోర్ట్ పట్టుకోని వచ్చేవాళ్ళను నేను రోజూ చూస్తాండా. 'నో యాడెడ్ షుగర్' అనేది మళ్ళా వేరే. దానర్థం పైనుంచి చక్కెర కలపలేదు అని మాత్రమే, పండ్ల రసంలో దానంతట అది ఉండే చక్కెర అట్లనే ఉంటది.

కారందోసె (అనంతపురం)
ఫ్రీ అనే మాట చూసి మోసపోవద్దు అంటాండారు సార్

మందులషాపు (కడప)
ఫ్రీ అనేది కాదప్పా, వెనకాల అట్ట తిప్పి చదవమంటాండా.

ఆదోని మాస్టారు (ఆదోని)
'లేని' అని ఇంగ్లీషులో చెప్పాలంటే లెస్ అని ఇంకోటి కూడా ఉంది కదా, రెండిటికీ తేడా పట్టుకుంటే భలే ఉంటది. కేర్‌లెస్ అంటే తిట్టు, అజాగ్రత్త మనిషి. కేర్ ఫ్రీ అంటే మెప్పుకోలు, చీకూచింతా లేని మనిషి. రెండింట్లో కేర్ లేనట్టే, కానీ ఈ జతలో లెస్ అంటే ఉండాల్సింది లేదు అని, ఫ్రీ అంటే ఉంటే ఇబ్బంది పెట్టేది లేకుండా పోయింది అని. అందుకే షుగర్ ఫ్రీ, టోల్ ఫ్రీ అంటారు గానీ సాల్ట్ ఫ్రీ సాంబారు పెడతామని ఏ హోటలోడూ బోర్డు పెట్టడు, బీపీ ఉన్నోళ్ళకు పెడితే వేరే సంగతి. ఇప్పుడు సిటీల్లో పిల్లలు వద్దనుకున్న ఆలుమగలు మమ్మల్ని చైల్డ్‌లెస్ అనొద్దు చైల్డ్ ఫ్రీ అనండి అంటాండారు, ఆ పట్టుదల వెనకాల ఉండేది ఈ తేడానే.

గుంతకల్ స్పానర్ (గుంతకల్లు)
మాస్టారు చెప్పింది ఒక రకం. మా షెడ్డులో ఫ్రీ అంటే పైసల సంగతే కాదు. నట్టు పట్టేసింది, ఫ్రీ చెయ్యి అంటారు. నూనె పోసి సుత్తితో రోంత తట్టి స్పానర్ ఏస్తే ఫ్రీ అయితాది. బేరింగ్ ఫ్రీగా తిరుగుతాందా, క్లచ్ లివర్‌కు ఫ్రీ ప్లే ఎంతుంది, ఇయ్యే మా మాటలు. ఫ్రీ ప్లే అసల్లేకపోతే క్లచ్ ప్లేట్లు అరిగిపోతాయి, ఎక్కువైతే గేరు పడదు, కొంచెం వదులు ఉండాల. సైకిల్‌కు ఫ్రీ వీల్ ఉంటది చూడండి, తొక్కడం ఆపినా చక్రం తిరుగుతానే ఉంటది, పెడలు నుంచి చక్రానికి విడుదల అన్నమాట. కాబట్టి మా కాడ ఫ్రీకి ఎదురు మాట 'జామ్'. ఖరీదు కాదు.

బురుజుపిల్ల (కర్నూలు)
పెద్దాసుపత్రిలో కూడా ఇదే అర్థం అన్నా. డాక్టరమ్మ ఒక అవ్వను మోషన్ ఫ్రీగా అవుతోందా అని అడిగితే, ఆ, ఈడ అన్నీ ఫ్రీనే తల్లీ, పైసా తీసుకోలేదు అనిందంట. నర్సుగా చేసే మా వదిన చెప్పింది, నిజమో కల్పించిందో ఆమెకే తెలియాల.

గుత్తికోట (గుత్తి)
😂😂 అవ్వ చెప్పింది కరెక్టే

టమాటా బుట్ట (పత్తికొండ)
మాకు ఫ్రీ అంటే మొదట గుర్తొచ్చేది ఫ్రీ కరెంటు. 2004 మే 14న వైఎస్ ముఖ్యమంత్రిగా ప్రమాణం చేసిన రోజే మోటర్లకు ఉచిత కరెంటు ఫైలు మీద సంతకం పెట్టినాడు. అప్పట్నుంచి మా పక్క ఫ్రీ అనే మాట ఉత్త మాటగా కాకుండా కరెంటుతో కలిపే పలుకుతారు, 'ఫ్రీ కరెంటు లైను', 'ఫ్రీ కరెంటు టైము' అని. కరెంటు ఫ్రీనే గానీ, నీళ్ళుంటే కరెంటు లేదు, కరెంటుంటే బోర్లో నీళ్ళు లేవు, రెండూ ఉంటే టమాటా రేటు లేదు. కిలో రూపాయికి అడిగితే బుట్టలు రోడ్డు మీద పారబోసి వచ్చేది, ఎవరైనా తీసుకోండప్పా ఫ్రీ అన్నా తీసుకునేవాడు ఉండడు.

సీమబిడ్డ (పులివెందుల)
ఆ ఫ్రీ కరెంటుకు తర్వాత మీటర్లు పెడ్తామన్నది ఎవరు, వద్దన్నది ఎవరు అది కూడా చెప్పు

నిర్వాహకుడు
రాజకీయాలకు వేరే విభాగం ఉంది, ఆడికి పోండి. ఈడ మాట గురించే.

బురుజుపిల్ల (కర్నూలు)
పథకాలంటే గుర్తొచ్చింది. 2025 ఆగస్టు 15 నుంచి ఆర్టీసీలో మాకు స్త్రీ శక్తి కింద ఫ్రీ కదా, పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ ఎక్కితే కార్డు చూపిస్తే జీరో టికెట్ కొట్టిస్తారు. మొన్న కొత్త బస్టాండులో ఒకామె ఫోన్‌లో చెప్తాంది, 'ఫ్రీ బస్సే గానీ ఒక్క సీటన్నా ఫ్రీ లేదే' అని. ఒకే వాక్యంలో మొదటి ఫ్రీ పైసలది, రెండోది ఖాళీది. వినేవాళ్ళకు ఎవరికీ ఏం కన్ఫ్యూజన్ లేదు, అందరికీ అర్థమయింది.

ఇంగ నాకు ఒళ్ళు మండే ఫ్రీ ఇంకోటుంది, అది చెప్పాలనే ఈడికి వచ్చినా. మగపిల్లోడి గురించి చెప్తూ 'మావాడు అందరితో ఫ్రీగా ఉంటాడు' అంటే కలుపుగోలు మనిషి అని. అదే మాట ఆడపిల్ల గురించి, రోంత గొంతు తగ్గించి, 'ఆ పిల్ల అందరితో ఫ్రీగా ఉంటదంట' అంటే పెళ్ళిసంబంధం ఆడికే ఆగిపోతాది. మాట ఒకటే, అర్థం ఎవరి గురించి చెప్తాండారనే దాన్ని బట్టి మారుతాది. డిక్షనరీలో ఇది ఉండదు. ఆఫీసులో కొత్తగా చేరినప్పుడు 'బీ ఫ్రీ అమ్మా, బీ ఫ్రీ' అని వంద సార్లు చెప్పేవాళ్ళే రెండు నెలలు తిరగకముందే ఈ పిల్ల శానా ఫ్రీ అని పక్కనోళ్ళతో అంటారు.

లేపాక్షి బసవ (హిందూపురం)
అక్కా నిజం. మా పక్క కూడా సేమ్.

కారందోసె (అనంతపురం)
నాకు తెలిసిన ఇంకో తేడా. డిగ్రీ అయిపోయి రెండేళ్ళు ఇంటికాడ ఉన్నప్పుడు మా చిన్నాయన ఎవరన్నా అడిగితే 'వాడు ఖాళీగా ఉండాడు' అనేవాడు. మా అమ్మ మాత్రం 'ప్రస్తుతానికి ఫ్రీగా ఉండాడు' అనేది. ఖాళీ అంటే ఉద్యోగం లేనోడు, ఫ్రీ అంటే ఏదో బిజీ నుంచి కొంచెం వెసులుబాటు దొరికినోడు. ఆ ఒక్క ఇంగ్లీషు మాటతో అమ్మ నా పరువు కాపాడింది

ఆదోని మాస్టారు (ఆదోని)
బాగా పట్టినావు నాయనా. టైము విషయంలో ఫ్రీ అనేది మర్యాద మాట అయిపోయింది. పెద్దాయనను పట్టుకోని 'ఖాళీగా ఉండారా' అంటే బాగుండదు, 'ఫ్రీగా ఉండారా సార్' అంటే ఏం కాదు.

బస్సు సంగతికి తిరిగి వస్తే, పిల్లలు ఎక్కువ తప్పు చేసేది ఈడనే. 'విమెన్ ట్రావెల్ ఫ్రీ' అంటే టికెట్ లేకుండా పోతారు అని. 'విమెన్ ట్రావెల్ ఫ్రీలీ' అంటే అడ్డూఆపూ లేకుండా, భయం లేకుండా తిరుగుతారు అని. రెండూ రెండు వేరే సంగతులు, మొదటిది జరిగినంత మాత్రాన రెండోది జరిగినట్టు కాదు. క్రియ పక్కన వచ్చిందని ఎల్ వై తగిలించడం అలవాటు కదా, ఫ్రీ మాత్రం డబ్బుల అర్థంలో అట్లనే ఉండిపోతాది. తెలుగులో మనకు రెండిటికీ ఫ్రీగా అనే ఒకటే ఉండాది కాబట్టి పిల్లలకు ఆ తేడా వినపడదు. పెళ్ళిలో 'ఫ్రీగా తినండి' అంటే మొహమాటపడొద్దు అని, హోటల్లో 'ఫ్రీగా తిన్నాడు' అంటే బిల్లు ఎగ్గొట్టినాడు అని.

గుత్తికోట (గుత్తి)
నేనింకా ఫ్రీ అంటే ఊరికే అనే అంటాండా. మన మాట ఉండగా ఇంగ్లీషు మాట ఎందుకు

తెలుగుగంగ (మైదుకూరు)
ఊరికే కూడా ఒకటే అర్థం కాదు కదన్నా. 'ఊరికే వచ్చినా' అంటే ఫ్రీగా వచ్చినా అనా, పనేం లేకుండా వచ్చినా అనా? 'ఊరికే ఏడుస్తాంది' అంటే? మనకు దీనికి శానా మాటలున్నాయి, ఒక్కోదానికి ఒక్కో రుచి. ఉత్తగా, ఉత్తపుణ్యానికి, తేరగా. తేరగా వచ్చింది అంటే అందులో ఎత్తిపొడుపు ఉంటది, కష్టపడకుండా తింటాండాడు అని. ఉత్తపుణ్యానికి తిట్టినాడు అంటే కారణం లేకుండా. ఫ్రీ అనేదానికి ఈ ఎత్తిపొడుపులు లేవు, అందుకే అంగట్లో అది నిలబడింది. 'రెండు కొంటే ఒకటి తేరగా' అని బోర్డు పెడితే పెన్నాగట్టు అన్న అంగట్లోకి ఎవడొస్తాడు.

ఇంగ ఉచితం సంగతి. సంస్కృతంలో ఉచితం అంటే తగినది, యుక్తమైనది అని. సముచితం, అనుచితం, ఔచిత్యం అన్నీ దాని చుట్టాలే. పాత కథల్లో రాజు వచ్చిన ముని గారిని 'ఉచితాసనం' మీద కూర్చోబెట్టినాడు అని ఉంటది, అంటే ఆయన హోదాకు తగిన ఆసనం, టికెట్ లేని సీటు కాదు. అదే మాట మనకు ఇప్పుడు పైసలు లేకుండా ఇచ్చేదిగా మారింది.

అసలు విశేషం ఇంకోటి. ఇంగ్లీషు ఫ్రీ, సంస్కృతం ప్రియ, రెండూ ఒకే వేరు నుంచి వచ్చిన మాటలు. ఫ్రెండ్ కూడా ఆ కుటుంబమే. భాషా చరిత్ర రాసేవాళ్ళు చెప్పే కారణం ఏందంటే, పాత కాలంలో ఇంట్లో ఉండే ఇష్టమైనవాళ్ళు, సొంత మనుషులు ఒక పక్క, బానిసలు ఇంకో పక్క. సొంతవాళ్ళను పిలిచే మాట క్రమంగా బానిస కానివాడు అనే అర్థానికి వచ్చింది, స్వేచ్ఛ అయింది. రుసుము నుంచి విడుదల, అంటే మన పైసల ఫ్రీ, శానా తర్వాత వచ్చి చేరింది. మనకాడ ఆ ప్రియ ఏమైంది చూడండి, 'బంగారం ప్రియమైంది' అంటాం, మా అవ్వోళ్ళు పిరం అంటారు, అంటే రేటు ఎక్కువైంది అని! ఒకే వేరు మాట ఇంగ్లీషులో పైసా లేని వస్తువైంది, తెలుగులో కొనలేని వస్తువైంది.

పెన్నాగట్టు (ప్రొద్దుటూరు)
ఓయబ్బా! ప్రొద్దుటూరు బంగారం అంగళ్ళలో ఇంగ ఆ మాటే వాడతా. బంగారం పిరం, తరుగు ఫ్రీ అని

మందులషాపు (కడప)
తెలుగుగంగ గారూ, భలే చెప్పినారు. ఇంగ్లీషులో డియర్‌కు కూడా రెండర్థాలున్నాయి కదా, ఇష్టమైనది, ఖరీదైనది. కాబట్టి మన ప్రియం ఒంటరిది కాదు. మా ఊర్లో సీపీ బ్రౌన్ గ్రంథాలయం ఉంది కదా, ఆ దొర ఉండిన బంగళా జాగాలోనే. నిఘంటువు దొరగానే ఆయన అందరికీ తెలుసు గానీ 1821 ప్రాంతంలో కడపలో పిల్లలకు ఫీజు లేని బళ్ళు కూడా పెట్టించినాడు. ఉచిత విద్య అనే మాట అప్పుడు వాడినారో లేదో గానీ, పని అదే.

ఎర్రమల (కోవెలకుంట్ల)
మా పక్క ఉయ్యాలవాడ బుడ్డా వెంగళరెడ్డి 1866 కరువులో వేలమందికి గంజి పోయించినాడు, విక్టోరియా రాణి మెడల్ కూడా పంపించింది. ఆయన ఫ్రీగా గంజి పోసినాడు అని మా ఊర్లో ఒక్కరు కూడా అనరు. అన్నం పెట్టినాడు, దానం చేసినాడు అంటారు. మంత్రాలయంలో కూడా అంతే, అన్నదానంలో తిన్నాం అంటాం గానీ ఫ్రీ మీల్స్ తిన్నాం అంటే వినేవాళ్ళకు ఎబ్బెట్టుగా ఉంటది. అంటే పైసలు తీసుకోకుండా ఇచ్చేదంతా ఫ్రీ కాదు. అమ్మే వస్తువును అమ్మకుండా ఇస్తేనే ఫ్రీ.

లేపాక్షి బసవ (హిందూపురం)
పుట్టపర్తి పెద్దాసుపత్రి కూడా ఇదే లెక్క అన్నా. 1991 నవంబరులో తెరిచినారు, గుండె ఆపరేషన్లు అవీ, బిల్లు కట్టే కౌంటరే లేదు. మా మామకు ఆడనే అయింది. ఆయన ఎప్పుడూ 'బాబా ఆసుపత్రిలో చేయించుకున్నా' అంటాడు, 'ఫ్రీగా చేయించుకున్నా' అనడు. కానీ ఆరోగ్యశ్రీ గురించి చెప్పేటప్పుడు మాత్రం ఫ్రీ అంటాడు. ఎందుకో ఆలోచించలేదు, ఎర్రమల అన్న చెప్పినాక అర్థమయితాంది.

దస్తావేజు (కళ్యాణదుర్గం)
ఎవరూ ఎత్తని ఫ్రీ ఒకటుంది, మా రిజిస్ట్రేషన్ ఆఫీసుల కాడ రోజూ వినేది. ఫ్రీహోల్డ్. మావోళ్ళు కొందరు ఫ్రీహోల్డ్ భూమి అంటే గవర్నమెంటు ఫ్రీగా ఇచ్చిన భూమి అనుకుంటారు, అది కాదు. హోల్డ్ అంటే భూమిని మన చేతిలో పెట్టుకోవడం, షరతులేం లేకుండా పూర్తి హక్కుతో ఉండే భూమి అని. గవర్నమెంటు పేదలకు ఇచ్చింది అసైన్డ్ భూమి, అది 1977 చట్టం ప్రకారం అమ్మకూడదు. 2023లో చట్టం సవరించి ఇచ్చి 20 ఏళ్ళు దాటినవాటికి పూర్తి హక్కు ఇస్తామన్నారు, అట్లా షరతు తీసేసినవాటిని ఫ్రీహోల్డ్ అన్నారు. 2024లో గవర్నమెంటు మారినాక వాటి రిజిస్ట్రేషన్లు ఆపి విచారణ పెట్టినారు. తమాషా ఏందంటే, ఫ్రీగా వచ్చిన భూమి ఫ్రీహోల్డ్ కాదు, ఫ్రీహోల్డ్ అయినాక అది ఫ్రీగా రాదు. ఎవరన్నా ఫ్రీహోల్డ్ అని చెప్పి అమ్మజూపితే మాట నమ్మి అడ్వాన్స్ ఇయ్యొద్దు, 22ఏ నిషేధిత జాబితాలో, అంటే రిజిస్ట్రేషన్ చెయ్యకూడదని పెట్టిన భూముల లిస్టులో, సర్వే నంబరు ఉందేమో చూసుకోండి ముందు.

గుత్తికోట (గుత్తి)
ఇది మాత్రం పనికొచ్చే మాట. మాకు ఇదే బేరం ఒకటి వచ్చి ఉండాది, రేపే చూపిస్తా

గుంతకల్ స్పానర్ (గుంతకల్లు)
క్రికెట్‌లో ఫ్రీ హిట్ చెప్పలేదు ఎవరూ. నోబాల్ ఏస్తే తర్వాతి బంతికి బౌల్డ్ లేదు, క్యాచ్ లేదు, ఎల్బీ లేదు, స్టంపింగ్ లేదు. రనౌట్ మాత్రం ఉంటది, మా గల్లీ పిల్లోళ్ళు ఆడనే కొట్లాడుకుంటారు, ఫ్రీ కదా రనౌట్ ఎట్లిస్తావ్ అని. ఇది మాస్టారు చెప్పిన 'భయం లేకుండా' ఫ్రీనే కదా?

ఆదోని మాస్టారు (ఆదోని)
అవునప్పా, శిక్ష లేని దెబ్బ. పూర్తిగా కాదు, రనౌట్ అనే తోక ఉంది.

ఉద్యోగార్థి (కడప)
సార్ నాదొక డౌట్. కొత్తగా ఉద్యోగంలో చేరినా, మెయిల్స్ చివర అందరూ 'ఫీల్ ఫ్రీ టు కాల్ మీ' అని పెడతాండారు. దీన్ని తెలుగులో మనసులో ఎట్ల అనుకోవాల? ఫ్రీగా ఫీలయ్యి కాల్ చెయ్యి అంటే నవ్వొస్తాంది

ఆదోని మాస్టారు (ఆదోని)
'మొహమాటపడకుండా ఫోన్ చెయ్యండి' అనుకో, సరిపోతాది. కానీ ఒకటి గుర్తుపెట్టుకో, అది పైనోళ్ళు కిందోళ్ళకు, లేదా సమానులకు చెప్పే మాట. నువ్వు మీ మేనేజరుకు ఫీల్ ఫ్రీ అని రాస్తే ఆయనకు నువ్వేందో అనుమతి ఇచ్చినట్టు ఉంటది. 'ప్లీజ్ కాల్ మీ' చాలు.

ఉద్యోగార్థి (కడప)
అట్లనే సార్. ఇంకోటి, చేతిలో పని అయిపోతే 'సార్ ఐ యామ్ ఫ్రీ నౌ' అని మెసేజ్ పెట్టొచ్చా?

బురుజుపిల్ల (కర్నూలు)
పెట్టు తమ్ముడూ, అప్పుడు నీకు ఇంకో నలుగురి పని కూడా ఇస్తారు 😀

ఆదోని మాస్టారు (ఆదోని)
తప్పేం లేదు గానీ 'ఐ హావ్ ఫినిష్డ్ ది వర్క్' అని మొదట రాయి, తర్వాత 'అవైలబుల్' అను. ఫ్రీ అంటే పని లేదని, అవైలబుల్ అంటే పనికి సిద్ధమని వినపడతాది.

ఉద్యోగార్థి (కడప)
థ్యాంక్స్ మాస్టారూ. నా రెజ్యూమే కూడా ఒకసారి చూపించాల మీకు, సాయంత్రం ఫోన్ చెయ్యొచ్చా?

ఆదోని మాస్టారు (ఆదోని)
ఏడు దాటినాక చెయ్యి నాయనా, అంతవరకు ట్యూషన్ ఉంటది.